37 డిగ్రీల్లో పెట్టి చూడు

మా ల్యాబ్‌లో అన్నిటికన్నా తరచుగా వినపడే మాట "ఏమీ కాలేదు మేడమ్".

పీహెచ్‌డీలో చేరిన పిల్లలు మొదటి ఏడాది ఈస్ట్‌లోంచి ఒక జన్యువును తీసేస్తారు. ఆ జన్యువు వల్ల తయారయ్యే ఎంజైమ్ టీఆర్‌ఎన్‌ఏ మీద ఏదో ఒక చోట ఒక మిథైల్ గ్రూపును తగిలిస్తుంది. అది లేకపోతే కణం కుప్పకూలుతుందని గంపెడాశతో ప్లేటు ఇంక్యుబేటర్‌లో పెడతారు. రెండు రోజులాగి చూస్తే ఈస్ట్ శుభ్రంగా పెరిగి ఉంటుంది. ముఖం వేలాడేసుకుని నా గదికి వస్తారు. నేను అడిగేది ఒకటే.

"ఎంతలో పెట్టావమ్మా?"

"30లో మేడమ్."

"37లో పెట్టి చూడు."

ఈస్ట్‌కు 30 డిగ్రీలు హాయి. 37 అంటే చెమటలు పట్టే వేడి. టీఆర్‌ఎన్‌ఏ మీది చిన్నచిన్న రసాయన మార్పుల విలువ చాలాసార్లు ఆ ఏడు డిగ్రీల తేడాలోనే బయటపడుతుంది. ఇన్నేళ్ల నా ఉద్యోగంలో నాకు గట్టిగా తెలిసిన సంగతి ఏదైనా ఉంటే అదే.

ఇంటర్ బైపీసీలో టీఆర్‌ఎన్‌ఏ బొమ్మ అందరూ వేసిందే. మూడు రెక్కల ఆకులా ఉంటుంది. కింద యాంటీకోడాన్, పైన కొసకు అమైనో ఆమ్లం. రైబోజోమ్ మీద ఎంఆర్‌ఎన్‌ఏలోని మూడక్షరాల కోడాన్‌కు జత కుదిరి, దానికి తగిన అమైనో ఆమ్లాన్ని ప్రోటీన్ గొలుసుకు అందిస్తుంది. పరీక్షకు అంత చాలు. నేనూ బందరులో అంతే రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ బొమ్మలో ఎ, యు, జి, సి అనే నాలుగు అక్షరాలే కనిపిస్తాయి. కణంలో పనిచేస్తున్న టీఆర్‌ఎన్‌ఏను పట్టుకుని చూస్తే ఆ నాలుగింటితో సరిపోదు. జన్యువు నుంచి నకలు దిగిన తరువాత వరసగా ఎంజైమ్‌లు దానిమీద చెయ్యి వేస్తాయి. ఒక చోట మిథైల్ తగిలిస్తాయి, ఒక చోట ఆక్సిజన్ తీసి గంధకం పెడతాయి, ఇంకోచోట బేస్‌నే విడదీసి తిప్పి అతికిస్తాయి. ఆర్‌ఎన్‌ఏలలో ఇలాంటి మార్పులు ఇప్పటికి 150కి పైగా తెలుసు. వాటిలో ఎక్కువ భాగం టీఆర్‌ఎన్‌ఏ మీదే దొరికాయి. డెబ్బై, తొంబై అక్షరాల మధ్య ఉండే ఈ చిన్న అణువులో, మనిషి కణంలో అయితే, సగటున 13 చోట్ల ఇలాంటి పనితనం ఉంటుంది.

ఈ వింత బేస్‌లు ఎప్పటినుంచో తెలుసు. 1965లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో రాబర్ట్ హోలీ బృందం ఈస్ట్ అలనైన్ టీఆర్‌ఎన్‌ఏ వరసను మొత్తం చదివింది. ఒక న్యూక్లిక్ ఆమ్లాన్ని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చదవడం అదే మొదలు. 140 కిలోల ఈస్ట్ తెచ్చి వడగడితే వాళ్లకు దక్కిన సరుకు ఒక గ్రాము. గొలుసును ముక్కలు చేసి, ఏ ముక్క ఎక్కడిదో పోల్చుకునేటప్పుడు ఈ అరుదైన బేస్‌లే వాళ్లకు ఆనవాళ్లుగా ఉపయోగపడ్డాయి. 1968లో హోలీకి నోబెల్ వచ్చింది. ఆ ఏడాది ఆయనతో పంచుకున్నవాళ్లు మార్షల్ నిరెన్‌బర్గ్, మన హర్‌గోవింద్ ఖొరానా. బహుమతి కథలో జన్యు సంకేతం అందరికీ గుర్తుండిపోయింది. వింత బేస్‌లు పాఠ్యపుస్తకాల ఫుట్‌నోట్లలోకి వెళ్లిపోయాయి. అక్కడినుంచి వాటిని బయటికి లాగడానికి మా తరం దాకా పట్టింది.

టీఆర్‌ఎన్‌ఏ తయారీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం దాని తిరుగుడు. ముందుగా పొడుగ్గా, పనికిరాని తలాతోకలతో నకలు దిగుతుంది. తలను ఆర్‌ఎన్‌ఏజ్ పి అనే ఎంజైమ్ కోస్తుంది. బాక్టీరియాలో ఆ ఎంజైమ్‌లోని ఆర్‌ఎన్‌ఏ భాగం ఒక్కటే, ప్రోటీన్ సాయం లేకుండా, కోత కోయగలదని యేల్‌లో సిడ్నీ ఆల్ట్‌మన్ బృందం 1983లో చూపించింది. ఎంజైమ్ అంటే ప్రోటీనే అన్న నమ్మకం అలా పోయింది. 1989లో థామస్ చెక్‌తో కలిపి ఆయనకు నోబెల్ ఇచ్చారు. తోకను ఆర్‌ఎన్‌ఏజ్ జెడ్ కోస్తుంది. కోసిన చోట సీ, సీ, ఏ అనే మూడక్షరాలను మరో ఎంజైమ్ అతికిస్తుంది. అమైనో ఆమ్లం కూర్చునేది వాటి కొసనే. ఈస్ట్‌లోనూ మనిషిలోనూ ఈ మూడక్షరాలు జన్యువులో ఉండవు. ఎదురుగా చూసి రాయడానికి మూస అంటూ లేకుండానే ఆ ఎంజైమ్ ప్రతిసారీ సీసీఏ అనే రాస్తుంది, అక్కడే ఆగుతుంది.

ఇక తిరుగుడు. ఈస్ట్ ఫినైల్‌అలనైన్ టీఆర్‌ఎన్‌ఏ కేంద్రకంలో పుడుతుంది. మధ్యలో ఒక ఇంట్రాన్, అంటే తీసేయాల్సిన ముక్క, ఉంటుంది. దాన్ని కేంద్రకంలో తీసేస్తారనే మనం అనుకుంటాం. ఈస్ట్‌లో ఆ కోత కోసే ఎంజైమ్ మైటోకాండ్రియా పైపొర మీద కూర్చుని ఉంటుంది. కాబట్టి ఇంట్రాన్‌తోనే బయటికి రావాలి. కోత, అతుకు అయ్యాక 37వ స్థానంలోని జీ మీద మిథైల్ పడాలి (ఈ 37 వేరు, పైన చెప్పిన డిగ్రీలు వేరు). ఇంట్రాన్ ఉండగా అది పడదు. పోనీ ఇప్పుడు పడుతుందా అంటే, ఆ పనిచేసే ఎంజైమ్ ఉండేది కేంద్రకంలో. టీఆర్‌ఎన్‌ఏ మళ్లీ లోపలికి పోవాలి. మిథైల్ వేయించుకుని మళ్లీ బయటికి రావాలి. అప్పుడు బయట నాలుగు ఎంజైమ్‌లు ఒకదాని తరువాత ఒకటి పనిచేసి ఆ మిథైల్ జీని వైబ్యుటోసిన్ అనే మూడు వలయాల పెద్ద బేస్‌గా తీర్చిదిద్దుతాయి. ఈ రాకపోకలు తప్పనిసరి అని 2011లో టోక్యో యూనివర్సిటీలో త్సుటోము సుజుకి ల్యాబ్ చూపించింది. మా పక్క ఊరు పెడనలో కలంకారీ గుడ్డ కరక్కాయ, పాలల్లో నానకుండా అచ్చు కిందికి వెళ్లదు, ఏటికి ఎన్నిసార్లు వెళ్లి రావాలో అన్నిసార్లూ వెళ్లి వస్తుంది. వరస తప్పితే రంగు నిలవదు. టీఆర్‌ఎన్‌ఏదీ అదే వ్యవహారం. కొన్ని మార్పులు ఇంట్రాన్ ఉండగానే జరగాలి, కొన్ని అది పోయాకే జరగాలి.

మరి వీటన్నిటినీ మేం ఎలా చూస్తాం? కంటికి కనిపించేది గొట్టం అడుగున తెల్లటి మరక, అంతే. ఈస్ట్‌ను వేడి ఫినాల్‌లో కుదిపి, ఆర్‌ఎన్‌ఏను ఆల్కహాల్‌లో దిగబెడతాం. అందులోంచి మాకు కావాల్సిన ఒక్క టీఆర్‌ఎన్‌ఏను, దానికి జత కుదిరే డీఎన్‌ఏ ముక్కను గాలంగా వేసి పట్టుకుంటాం. తరువాత ఎంజైమ్‌లతో విడివిడి న్యూక్లియోసైడ్‌లుగా తుంచి హెచ్‌పీఎల్‌సీ కాలమ్ గుండా పంపుతాం. 254 నానోమీటర్ల వెలుతురులో ఒక్కొక్కటీ ఒక శిఖరంలా తెర మీద లేస్తుంది. అలవాటైనవాళ్లకు అవి వీధిలో తెలిసిన ముఖాల్లాంటివే. సూడోయూరిడిన్ ముందుగా వస్తుంది. మిథైల్ భారం ఉన్నవి ఆలస్యంగా వస్తాయి. డైహైడ్రోయూరిడిన్ వచ్చి వెళ్లినా దాదాపు కనపడదు, ఎందుకంటే దాని వలయంలోని జంట బంధం పోయింది, ఆ వెలుతురును పీల్చుకోలేదు. కొత్తగా వచ్చిన స్కాలర్ "ఇందులో డీ లేదు మేడమ్" అని రాసుకొస్తే పంపించేసి మాస్ స్పెక్ట్రోమీటర్ దగ్గర కూర్చోమంటాను. ఆ యంత్రం డైహైడ్రోయూరిడిన్‌ను పట్టేస్తుంది గానీ సూడోయూరిడిన్ దగ్గర తడబడుతుంది. యూరిడిన్‌కూ దానికీ బరువులో తేడా లేదు. అవే పరమాణువులు, అతుకు పడిన చోటు మాత్రం వేరు. ఒక పరికరానికి కనపడింది ఇంకోదానికి కనపడదు. అందుకే ఒక్క పద్ధతిని నమ్ముకున్న పేపర్ అంటే నాకు అనుమానం.

గంధకం ఉన్న టీఆర్‌ఎన్‌ఏను పట్టడానికి ఒక ముచ్చటైన ఉపాయం ఉంది. జెల్‌లో పాదరసం కలిసిన ఒక పదార్థాన్ని పోస్తాం. పాదరసానికి గంధకమంటే ప్రాణం. గంధకం ఉన్న అణువులు దాన్ని పట్టుకుని వెనకపడతాయి, లేనివి ముందుకు పోతాయి. ఒక్క పరమాణువు తేడా జెల్ మీద వేలెడంత దూరంగా కనపడుతుంది. దాని మీద అమైనో ఆమ్లం కూర్చుని ఉందా లేదా అన్నది చూడాలంటే ఆమ్ల జెల్ నడపాలి, అదీ చలి గదిలో. మామూలు జెల్‌లో ఆ బంధం నిలవదు. ఈ పద్ధతిని 1991లో ఎంఐటీలో ఉత్తమ్ రాజ్‌భండారి ల్యాబ్‌లో ఉమేశ్ వర్‌ష్నే తదితరులు తీర్చిదిద్దారు. వర్‌ష్నే ఆ తరువాత బెంగళూరు ఐఐఎస్‌సీలో దశాబ్దాలు టీఆర్‌ఎన్‌ఏ మీదే పనిచేశారు. స్వెటర్ వేసుకుని ఆ జెల్ ముందు కూర్చోని టీఆర్‌ఎన్‌ఏ మనిషి మన దేశంలో లేరనుకుంటా. పట్టీలను చూడటానికి రేడియోధార్మిక ఫాస్ఫరస్ కావాలి. హైదరాబాద్‌లో పనిచేసేవాళ్లకు అందులో ఒక సుఖం ఉండేది. అణుశక్తి విభాగంవారి జొనాకీ కేంద్రం సీసీఎంబీ ఆవరణలోనే ఉండేది. 14 రోజులకు సగమైపోయే సరుకు కదా, అది ఎంత దగ్గర్లో ఉంటే అంత మేలు.

ఇప్పటి పిల్లలకు ఈ బాధలు తక్కువ. సీక్వెన్సింగ్‌కు పంపిస్తే వారంలో కోట్ల వరసలు కంప్యూటర్‌లో వచ్చి పడతాయి. అయితే ఆ యంత్రం ఆర్‌ఎన్‌ఏను ముందు డీఎన్‌ఏగా మార్చుకుని చదువుతుంది. మార్చేటప్పుడు సూడోయూరిడిన్ మామూలు యూలా రాసుకుపోతుంది. ఇనోసిన్ జీగా మారిపోతుంది. కొన్ని మిథైల్‌ల దగ్గర నకలు రాసే ఎంజైమ్ ఆగిపోయి సగం ముక్క మిగులుతుంది. అలాంటి సగం ముక్కలను చెత్త అనుకుని పారేసిన డేటా ఎంతో ఉంది. 2015 ప్రాంతంలో ఏఎల్‌కేబీ అనే బాక్టీరియా ఎంజైమ్‌తో ముందుగా ఆ మిథైల్‌లను తీసేసి చదివే పద్ధతి వచ్చాక పరిస్థితి మెరుగైంది. మార్పును చెరిపేస్తే గానీ చదవలేకపోవడం మాత్రం నాకు ఇప్పటికీ చిత్రంగానే తోస్తుంది. ఆర్‌ఎన్‌ఏను నేరుగా సన్న రంధ్రం గుండా లాగి చదివే నానోపోర్ యంత్రాల మీద మావాళ్లంతా ఆశ పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను, కాకపోతే హెచ్‌పీఎల్‌సీ కాలమ్‌లను అమ్మెయ్యలేదు.

ఎవరైనా ఈ మార్పులు అలంకారాలేగా అంటే నేను లైసిడిన్ గురించి చెబుతాను. ఈ. కోలై బాక్టీరియాలో ఒక ఐసోలూసిన్ టీఆర్‌ఎన్‌ఏ ఉంది. దాని యాంటీకోడాన్, జన్యువులో ఉన్నట్టుగా అయితే, సీఏయూ. అది మిథియోనిన్ టీఆర్‌ఎన్‌ఏ యాంటీకోడాన్. ఆ సీ మీద ఒక ఎంజైమ్ లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని తెచ్చి అతికిస్తుంది. అతికిన క్షణం నుంచి ఆ టీఆర్‌ఎన్‌ఏ ఏయూజీ కోడాన్‌ను వదిలి ఏయూఏను చదువుతుంది, మిథియోనిన్‌ను వదిలి ఐసోలూసిన్‌ను మోస్తుంది. అతకకపోతే మిథియోనిన్‌నే ఎత్తుకుంటుంది. జపాన్‌లో యొకొయామా, మురమత్సు తదితరులు 1988లో ఈ సంగతి బయటపెట్టారు. ఆ ఎంజైమ్‌ను తీసేస్తే బాక్టీరియా బతకదు. జన్యువును చదివి టీఆర్‌ఎన్‌ఏ పని చెప్పేయొచ్చు అనుకునేవాళ్లకు నా జవాబు ఈ ఒక్క బేస్.

అయితే లైసిడిన్ లాంటివి తక్కువ. ఎక్కువ మార్పుల విషయంలో తీసేస్తే "ఏమీ కాలేదు" అన్నదే ఫలితం. 2006లో రోచెస్టర్ యూనివర్సిటీ నుంచి ఎరిక్ ఫిజికీ బృందం రాసిన పేపర్ వచ్చినప్పుడు నేను పోస్ట్‌డాక్‌గా ఉన్నాను. వాళ్లు ఈస్ట్‌లో రెండు ఎంజైమ్‌లు తీసేశారు. ఒకటి టీఆర్‌ఎం4, ఒకటి టీఆర్‌ఎం8. రెండూ టీఆర్‌ఎన్‌ఏ మీద మిథైల్ వేసేవే. ఏ ఒక్కటి తీసినా ఈస్ట్‌కు పెద్ద ఇబ్బంది లేదు. రెండూ తీసి 37 డిగ్రీల్లో పెడితే ఎదుగుదల ఆగిపోయింది. ఎందుకని వెతికితే, ఒక వాలీన్ టీఆర్‌ఎన్‌ఏ తన మీది అమైనో ఆమ్లాన్ని పోగొట్టుకుని నిమిషాల్లో మాయమవుతోంది. కణమే దాన్ని పట్టి తినేస్తోంది. టీఆర్‌ఎన్‌ఏ అంటే గంటల తరబడి, తరాల తరబడి నిలిచే గట్టి సరుకు అని అప్పటిదాకా మా నమ్మకం. అందుకే కదా ఎంఆర్‌ఎన్‌ఏ మీద పనిచేసే పక్క ల్యాబ్‌వాళ్లు చేతి వేళ్ల మీది ఆర్‌ఎన్‌ఏజ్‌కు భయపడి చస్తుంటే మేం నిబ్బరంగా తిరిగేది. పైగా వాళ్ల ప్రయోగాల్లో ఖాళీ పూడ్చే సరుకుగా మా ఈస్ట్ టీఆర్‌ఎన్‌ఏనే గ్రాముల లెక్కన కొని పోస్తారు! ఆ గట్టిదనం దానికి పుట్టుకతో వచ్చింది కాదని, ఇన్ని ఎంజైమ్‌ల చేతుల మీదుగా వచ్చిందని ఆ పేపర్‌తో తేటతెల్లమైంది. కణంలో నాణ్యత చూసే కావలి ఒకటి ఉంది. నిలకడలేని టీఆర్‌ఎన్‌ఏను అది ఉండనివ్వదు.

ఎలుకల్లోనూ ఇలాంటి కథే ఉంది. క్యూయోసిన్ అనే మార్పుకు కావాల్సిన క్యూయిన్‌ను మన కణాలు తయారుచేసుకోలేవు. పేగుల్లోని బాక్టీరియా నుంచో తిండి నుంచో రావాలి. బాక్టీరియా లేని ఎలుకలకు క్యూయిన్ లేని తిండి పెడితే బాగానే తిరుగుతాయి. తిండిలోంచి టైరోసిన్‌ను కూడా తీసేసి చూస్తే జబ్బుపడి చనిపోయాయని 1997లో ఒక పరిశోధన చెప్పింది. టైరోసిన్ ఒక్కటీ లేకపోతే ఎలుక తనే చేసుకుంటుంది. రెండూ కలిసి లేనప్పుడే దెబ్బ కనిపించింది.

"దీనివల్ల ఉపయోగం ఏమిటమ్మా?" అని ఒక నిధుల కమిటీలో ఒక పెద్దాయన అడిగారు. తీసేసినా ఏమీ కాని వాటికి డబ్బెందుకు అని ఆయన లెక్క. ఆ ఏడాది ఆ డబ్బు రాలేదు. తరువాత కరోనా వచ్చింది, ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు వచ్చాయి. కటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ 2005లో గమనించిన విషయం మా వీధి నుంచే మొదలైంది. బయట తయారుచేసిన మామూలు ఆర్‌ఎన్‌ఏను చూసి రోగనిరోధక కణాలు రెచ్చిపోతున్నాయి, మార్పులు నిండిన టీఆర్‌ఎన్‌ఏను చూసి ఊరుకుంటున్నాయి. యూరిడిన్ బదులు సూడోయూరిడిన్ పెడితే ఆ గొడవ తగ్గింది. టీకాల్లో వాడిన మిథైల్ సూడోయూరిడిన్ కూడా ప్రకృతిలో ఆర్కియా జాతి సూక్ష్మజీవుల టీఆర్‌ఎన్‌ఏలో ఉన్నదే. 2023లో వాళ్లిద్దరికీ నోబెల్ ఇచ్చారు. పెద్దాయన ప్రశ్నకు నేను ప్రత్యేకంగా జవాబు రాయాల్సిన అవసరం లేకపోయింది.

మనిషి విషయానికొస్తే, ఈస్ట్‌లో 37 డిగ్రీలు చేసే పనిని మనలో మెదడు చేస్తుంది. ఎదిగే మెదడుకు ప్రోటీన్ తయారీలో చిన్న లోటు కూడా భారమే. ఎఫ్‌టీఎస్‌జే1 అనే జన్యువు టీఆర్‌ఎన్‌ఏ మీద మిథైల్ వేసే ఎంజైమ్‌ది. అది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. చెడితే మగపిల్లల్లో బుద్ధి ఎదుగుదల మందగిస్తుంది. ఇంట్రాన్ కోసే ఎంజైమ్‌లో టీఎస్‌ఈఎన్54 జన్యువు చెడితే చిన్నమెదడు సరిగా పెరగదు. మెలాస్ అనే జబ్బులో మైటోకాండ్రియాలోని లూసిన్ టీఆర్‌ఎన్‌ఏ జన్యువులో ఒక్క అక్షరం మారుతుంది, ఆ మార్పుతో దాని యాంటీకోడాన్ మీద పడాల్సిన టారిన్ పడదు. అది తల్లి నుంచి వస్తుంది. ఏడీఏటీ3, ఎన్‌ఎస్‌యూఎన్2 లాంటి చాలా జన్యువులకు తల్లి వైపు ప్రతి, తండ్రి వైపు ప్రతి రెండూ చెడితేనే జబ్బు కనిపిస్తుంది. వీటిలో కొన్నింటిని మొదట గుర్తించింది పశ్చిమాసియాలో, పాకిస్తాన్‌లో దగ్గరి సంబంధాలు చేసుకున్న కుటుంబాల్లో. మేనరికాలు మనకూ కొత్త కాదు. కాబట్టి ఈ పేర్లు మన ఆస్పత్రుల రిపోర్టుల్లోనూ కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు.

తెలిసినవాళ్లు అప్పుడప్పుడు అలాంటి రిపోర్టులు ఫోన్‌లో పంపి "అక్కా, ఇది మీ సబ్జెక్టేనట కదా" అని అడుగుతుంటారు. నేను డాక్టర్‌ను కాను, వైద్యం చెప్పను. ఒక్కటి మాత్రం చెబుతాను, ఇక్కడా అదే చెబుతున్నాను. ఎదుగుదల లోపం ఉన్న బిడ్డకు జన్యు పరీక్ష చేయించినప్పుడు రిపోర్టులో "అర్థం నిర్ధారణ కాని మార్పు" అని రాసి ఉంటే దాన్ని పారేయకండి. టీఆర్‌ఎన్‌ఏ ఎంజైమ్‌ల జన్యువుల్లో చాలావాటికి మనిషి జబ్బులతో సంబంధం తేలింది గత పదిహేను, ఇరవై ఏళ్లలోనే. నిన్న అర్థం కానిది రేపు అర్థం కావచ్చు. ఆ కాగితం జాగ్రత్తగా దాచుకుని, రెండేళ్లకోసారి జన్యు వైద్యుల చేత మళ్లీ చూపించుకోండి. హైదరాబాద్‌లో నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ ఉంది. ఇంట్లో మరో బిడ్డ కోసం ఆలోచిస్తున్నవాళ్లు, మేనరికం మాట్లాడుకుంటున్నవాళ్లు ముందుగా అక్కడికి వెళ్లి అడగండి.